పూసల ఎంజైము

గూడూరు, సెప్టెంబరు 2011

చెల్లె శోభకు, అన్న బిక్షపతి ఉద్యమాభివందనాలు.

నా బిడ్డ లతకు పొట్ట ఇంకా ఉబ్బింది. కొవ్వును కోసే ఎంజైము ఒంట్లో లేక కాలేయం నిండిపోతోందని డాక్టరు చెప్పాడు. నువ్వు హైదరాబాదు ల్యాబులో పనిచేసేది ఆ ఎంజైము మీదే కదా, మందేది? ఇన్నేళ్లుగా దాని ఆకారం వెతుకుతున్నారట! ఆకలైన పిల్లకు అన్నం పెట్టకుండా పళ్లెం బొమ్మ గీస్తారా? ప్రజల సొమ్ముతో నడిచే సైన్సు ప్రజలకు జవాబు చెప్పాలి.

మండిపడుతున్న
నీ అన్న

తా.క.: మన అవ్వ లతకు తాయత్తు కట్టింది. తెంపి పొయ్యిలో వేశాను. అప్పటినుంచి నాతో మాట్లాడదు. అన్నం పెడుతుంది, కూరలో కారం గుమ్మరించి.


హైదరాబాదు

అన్నకు, శోభ నమస్కారాలు.

మందు ఎక్కడా లేదన్నా. ఆకారం తెలిస్తేనే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. కణం పొరలో కొవ్వును ఈ ఎంజైము కోస్తే, తెగిన ముక్క కణానికి కబురవుతుంది: పెరుగు, ఆగు, చచ్చిపో అని. లత కోసం తీగకు పూసలు గుచ్చి దాని బొమ్మ పంపుతున్నాను. నడిమి గుంటలో రెండు తెల్లపూసలు జింకు. కొవ్వు తెగేది అక్కడే.

నీ చెల్లె

తా.క.: ఇది ఇంకా మా ఊహే. మీ ఉద్యమం సమ్మెతో భూపాలపల్లి గనుల్లో బొగ్గు ఆగింది, ఇక్కడ కరెంటు పోయింది, ఫ్రిజ్‌లో ఆకారం చూసేందుకు పెంచిన ఎంజైము స్ఫటికాలు పాడయ్యాయి. సమ్మెను తిట్టడం లేదు, మళ్లీ నాలుగు పేజీలు రాయకు.


గూడూరు

శోభా,

నీ బొమ్మను సమ్మె దీక్షా శిబిరంలో చూపించి ఉపన్యసించాను. "కొవ్వు కోస్తదా? జర దొరల ఇండ్లకు తోలు బిక్షపతన్నా!" అన్నాడు దీక్షలో కూర్చున్న సోమనర్సయ్య. టెంటుకు వేలాడదీస్తే, తీగలు చూసి బాంబేమోనని ఎస్సై పట్టుకుపోయాడు. ఎంజైమని మొత్తుకుంటే "రుజువేంది?" అంటాడు! పోట్లాడి తెచ్చాను.

అన్న

తా.క.: లత దానికి 'అత్త' అని పేరు పెట్టింది. పక్కలో పెట్టుకునే పడుకుంటోంది.


హైదరాబాదు

అన్నా,

ఎస్సై అడిగిందే మా గైడూ అడిగారు. కొత్త లెక్కలు చూస్తే ఆ బొమ్మ తప్పు. తోకభాగం ఇటు తిరగాలి, నేను అటు తిప్పాను. లత తప్పు నేర్చుకోకూడదు. పోస్టు చెయ్యి, సరిచేసి పంపుతాను.

శోభ

తా.క.: ఎస్సై గారికి చెప్పకు.


గూడూరు

శోభా,

పంపలేను. లత పోయింది.

చివరి రోజు "అత్తను పొట్ట మీద కట్టు బాపూ, కొవ్వు కోస్తది" అన్నది. నల్లదారం పేని నేనే మొలకు కట్టాను, తాయత్తు తెంపిన ఈ చేత్తోనే. బొంద దగ్గర విప్పబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యి కొడుకా. పిల్లతోనే పోనియ్యి."

జవాబు చెప్పాలని నీ మీద అరిచాను. తప్పయిందని నువ్వొక్కదానివే చెప్పావు. దేవుడు చెప్పలేదు, సర్కారు చెప్పలేదు. సరైన ఆకారం దొరికేదాకా వదలకు.

అన్న

తా.క.: ఇవాళ అవ్వ కూరలో కారం సరిగ్గా వేసింది. తినలేకపోయాను.