పొత్రం పాప

చి.ల.సౌ. చైత్రకు,

మీ ఆయన ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి ప్రేమతో రాయునది. ఇక్కడ నేను క్షేమమని రాయడం ఆచారం కాబట్టి రాస్తున్నాను. అక్కడ నువ్వూ, పాపా, అత్తయ్యగారూ నిజంగానే క్షేమమని తలుస్తాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ? ఫోను చేస్తే అత్తయ్యగారు స్పీకరు పెట్టమంటారు. ఇది ఆవిడ వినకూడనిది. అందుకే ఈ సాయంత్రం రాజమండ్రి బయల్దేరుతున్న ఉమామహేశ్వరరావు అంకుల్ చేతికిచ్చి పంపుతున్నాను. ఒక్కదానివే చదువు.

ముందు నువ్వడిగినవి చెబుతాను. వానలు వెళ్ళిపోయాయి. ఊరి బయట ఎండుగడ్డి తగలబెడుతున్నారు, పొగ వాసన పడగ్గదిలోకి కూడా వస్తోంది. కరివేపాకు మొక్క నీ మీద బెంగతో చిక్కిపోయింది, నేను మాత్రం కాస్త లావెక్కాను. కారులో పాప సీటు బిగించాను. ఉయ్యాల కూడా సిద్ధం. ఆ సంగతి చెప్పగానే అత్తయ్యగారు కంగారుపడ్డారు. "ఖాళీ ఉయ్యాల ఉంచకూడదండి అల్లుడుగారూ! పొత్రాన్ని గుడ్డలో చుట్టి పడుకోబెట్టండి. పాప వచ్చేదాకా అదే పాపనుకోండి" అన్నారు. పక్కింటి నీరజ ఆంటీ దగ్గర పాత సన్నికల్లు ఉంటే దాని పొత్రం అడిగి తెచ్చాను. నీ నీలం చీర ముక్కలో చుట్టి పడుకోబెట్టాను. నవ్వకు, రోజూ దానికి గుడ్ నైట్ కూడా చెబుతున్నాను.

నుదుటి మీద దెబ్బ క్రికెట్లో తగిలిందేనా అని అడిగావు. కాదు. నిద్రలో నడుస్తూ తలుపుకు గుద్దుకున్నాను. నువ్వున్నప్పుడు నేను కేకపెట్టి లేస్తే, "ఏం లేదండీ, మనింట్లోనే ఉన్నారు, పడుకోండి" అని వీపు నిమిరేదానివి. ఇప్పుడు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. నా అరుపులు నీరజ ఆంటీ ఇంటిదాకా వినిపిస్తున్నాయట. పాప పుట్టినప్పటి నుంచీ కల ఒక్కటే. ఇల్లు అంటుకుంటుంది. పాప లోపలుంటుంది. తీసుకుని పరుగెత్తాలి. ఎక్కడికో తేలకముందే కేకపెట్టి లేచేస్తాను.

పోయిన వారం ఒక రాత్రి అలా లేవలేదు. చాలా రోజుల తరువాత కడుపునిండా నిద్రపోయాననుకున్నాను. పొద్దున్నే ఆంటీ గోడ మీంచి పలకరించారు.

"నిన్న నైట్ అసలు సౌండే లేదు ఉపేంద్రా. గుడ్ స్లీపా?"

"అవునాంటీ" అని నవ్వాను. అప్పుడు చూసుకున్నాను, పైజమా మోకాళ్ళదాకా తడిగా ఉంది. లోపలికి పరుగెత్తాను. ఉయ్యాల ఖాళీ.

పెరట్లో స్విమ్మింగ్ పూల్ గేటుకు పిల్లలకు అందనంత ఎత్తులో గడియ ఉంటుంది కదా, అది తీసి ఉంది. పొత్రం నీళ్ళలో, మెట్టు మీద ఉంది. విసిరేసినట్టు లేదు. చీర మడత చెదరకుండా, జోకొట్టి పడుకోబెట్టినట్టుంది. చైత్రా, నేను మన పాపను మంటల్లోంచి కాపాడుకున్నాను. చల్లని చోట దాచి, వచ్చి హాయిగా పడుకున్నాను.

నాకు చాలా భయంగా ఉంది. అత్తయ్యగారికి చెబితే గాలి సోకిందని తాయెత్తు పంపిస్తారు. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నిద్ర జబ్బులు చూసే స్పెషలిస్టు మీరొచ్చే తేదీ దాటాక గానీ దొరకడన్నాడు. టిక్కెట్లు మార్చెయ్యి. పాపను ఇంతవరకూ ఫోన్లోనే చూశాను, ఎత్తుకోవాలని చేతులు లాగేస్తున్నాయి. రేపు ఆ చేతులతోనే ఫోను పట్టుకుని, పరవాలేదు వచ్చేయమని బతిమాలుతానేమో. నా మాట వినకు.

ఆ రోజే పూల్ గేటుకు తాళం వేసి, తాళంచెవి ఆంటీకిచ్చాను. పొత్రాన్ని మళ్ళీ ఉయ్యాలలో పడుకోబెట్టాను. రోజూ అరుస్తూనే ఉన్నాను, అది అక్కడే ఉంటోంది. కాస్త ధైర్యం వచ్చింది.

నిన్న రాత్రి అరవలేదట. పొద్దున లేచేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంది. గేటు తాళం వేసింది వేసినట్టే ఉంది, పూల్‌లో ఏమీ లేదు. ఇల్లంతా, పెరడంతా వెతికాను. ఆంటీ కూడా వెతికారు.

పాపను ఎక్కడ పెట్టానో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
పాప నాన్న
ఉపేంద్ర