కొరివికారం జాడీ ఎందుకు ఆగలేదు

పిడుగురాళ్ల,
20 ఫిబ్రవరి 1999

డిపో మేనేజరు గారికి,

జైనాబీ నమస్కరించి రాయడమేమంటే: నేను బాలికల హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. అందుచేత విషయం మొదటి నుంచీ చెప్తాను, ఓపిక పట్టండి.

మొన్న గురువారం మీ గుంటూరు బస్సెక్కాను. ఒళ్లో కొరివికారం జాడీ, గుంటూరులో చదువుకునే మనవరాలు సైమా కోసం. దారిలో రైతులు రోడ్డు మీద సగం దాకా మిరపకాయలు ఆరబోశారు. వాటి నడుమ ఒకామె మా వైపు వీపు పెట్టి కాయలు తిరగేస్తోంది. ఘాటు తగలకుండా ముక్కూ చెవులూ కలిపి తుండుగుడ్డ చుట్టుకుంది, హారను వినపడలేదు. పక్కకు తిప్పుదామంటే ఎదురుగా లారీ. అప్పుడు మీ డ్రైవరు కోటేష్ బ్రేకు వేశాడు. నలభై ఏళ్లుగా బస్సులెక్కుతున్నాను, అలాంటి బ్రేకు ఎరగను. నన్ను ముందు సీటు కమ్మీ ఆపింది. జాడీని ఆపేవాళ్లు లేక అది ముందు సీట్లో ఉన్న తెల్లచొక్కా పెద్దమనిషి మెడ మీదికి పోయింది. ఆయన ముఖం నేను చూడలేదు, కేక మాత్రం విన్నాను. జాడీ పగల్లేదు. ఆయన మెత్తగా ఉన్నట్టున్నారు.

బస్సు సరిగ్గా కాయల అంచున ఆగింది. దిగి ఆమె పేరు అడిగాను. గురవమ్మట. అప్పటిదాకా వెనక బస్సుందనే ఆమెకు తెలీదు. కోటేష్‌కు నా కృతజ్ఞతలు దయచేసి అందజేయండి.

ఇట్లు,
ఖాళీ జాడీతో,
జైనాబీ

తా.క.: “మీ పచ్చడి పోయిందే అమ్మా” అని కోటేష్ నొచ్చుకున్నాడు. “పచ్చడి మళ్లీ పెట్టుకుంటా నాయనా, గురవమ్మను పెట్టలేం కదా” అన్నాను.

---

డిపో మేనేజరు కార్యాలయం,
27 ఫిబ్రవరి 1999

శ్రీమతి జైనాబీ గారికి,

మీ ఫిర్యాదు అందినది. కృతజ్ఞతలు నమోదు చేయుటకు మా వద్ద రిజిస్టరు లేదు. మీ ఉత్తరములో బ్రేకు, కేక, పచ్చడి అను మాటలు ఉన్నందున ఫిర్యాదుల రిజిస్టరులో నమోదు చేసితిమి. ఇదే బ్రేకుపై మరొక ప్రయాణికుడు కూడా ఫిర్యాదు చేసియున్నారు. ఇరువురి మాటా ఒకటే అగుటచే డ్రైవరు కోటేష్‌ను స్టీరింగు నుండి తప్పించి బస్సులు కడుగు పనిలో పెట్టడమైనది. మార్చి పదిహేనున విచారణ. తప్పు రుజువైనచో సస్పెండు చేయబడును.

ఇట్లు,
బి. బాపయ్య,
డిపో మేనేజరు

తా.క.: సదరు జాడీకి లగేజీ టికెట్టు తీసుకున్నట్లు కనబడదు.

---

పిడుగురాళ్ల,
3 మార్చి 1999

బాపయ్య గారికి,

నమస్కారం. మెచ్చుకుంటూ రాస్తే మనిషి చేతికి బకెట్టు ఇచ్చారు. తిడుతూ రాసుంటే ప్రమోషన్ ఇచ్చేవారేమో, పొరపాటు నాదే.

జాడీని కోటేష్ విసరలేదండీ. బస్సు పరిగెత్తుతుంటే అందులోని మనుషులూ, మూటలూ, జాడీలూ అదే వేగంతో పరిగెత్తుతుంటాయి. బ్రేకు పడింది బస్సుకు, జాడీకి కాదు. దాన్ని ఆపే బలం ఏదీ దాని మీద పని చెయ్యలేదు గనక అది పాపం తన దారిన తను పోయింది. దారిలో ఆ తెల్లచొక్కా తగిలింది. ఆ రెండో ఫిర్యాదు కూడా ఆయనదే అయ్యుంటుంది. నా పచ్చడంతా మోసుకుపోయి పైగా ఫిర్యాదా?

తప్పేమన్నా ఉంటే అది నాది, జాడీ మూతికి వాసెన గుడ్డ వదులుగా కట్టాను. కావాలంటే నన్ను పిలిచి బస్సులు కడిగించండి. కోటేష్‌ను వదిలెయ్యండి.

ఇట్లు,
వాసెన కట్టడం మళ్లీ నేర్చుకుంటున్న,
జైనాబీ

తా.క.: జాడీ నా ఒళ్లో ఉన్నంతవరకూ టికెట్టు బాధ్యత నాది. మిగతా ప్రయాణం ఆయన మెడ మీద చేసింది, ఆయన్నే అడగండి.

---

డిపో మేనేజరు కార్యాలయం,
8 మార్చి 1999

శ్రీమతి జైనాబీ గారికి,

జాడీ విషయములో మీ వాదన అంగీకరించితిమి. బ్రేకు విషయములో అంగీకరించలేదు. ఆ ప్రయాణికుడు చెప్పునది ఏమనగా, బ్రేకు వేసిన చోటికి ఆ స్త్రీ ఇంకను చాలా దూరములో ఉన్నది. కాయల మీదుగా మెల్లగా ఆపుకొనుచూ పోయినను సరిపోయెడిది. కోటేష్‌ను అడుగగా “కాయల మీదికి పోకూడదనే వేశానండి” అన్నాడు. అనగా ప్రయాణికుల కంటె మిరపకాయలు ముఖ్యమైనవి. అతడు ఆ కాయల రైతుకు బంధువేమో విచారించుచున్నాము. మీరు కూడా వారి బంధువులేనా తెలుపగలరు.

ఇట్లు,
బి. బాపయ్య

తా.క.: కొరివికారం మరక దేనితో పోవునో ఆ ప్రయాణికుడు అడుగుచున్నారు.

---

పిడుగురాళ్ల,
10 మార్చి 1999

బాపయ్య గారికి,

నమస్కారం. నేను జైనాబీని, అతను కోటేష్. మా బంధుత్వం తేల్చే పని మీకే వదిలేస్తున్నాను.

బస్సును ఆపేది బ్రేకు ఒక్కటే కాదు, టైరుకీ రోడ్డుకీ మధ్య ఉండే పట్టు. బ్రేకు చక్రాన్ని పట్టుకుంటే, రోడ్డు టైరును పట్టుకోవాలి. తారు పట్టుకుంటుంది. ఎండు మిరపకాయలు పట్టుకోవు, టైరు కింద జారతాయి. చక్రం ఆగుతుంది, బస్సు ఆగదు. గురవమ్మ దాకా పోతుంది. అందుకే అతను తారు మీద ఉండగానే బలమంతా పెట్టి తొక్కాడు. కాపాడింది కాయల్ని కాదు.

నమ్మకం కుదరకపోతే డిపో ఆవరణలో నాలుగు బుట్టల మిరపకాయలు పోయించి, సైకిలెక్కి, వాటి మీద బ్రేకు వేసి చూడండి. ఆ తెల్లచొక్కాయన్ని కూడా పిలవండి, చదువుకున్నవారిలాగే ఉన్నారు.

ఒక్క మాట. కోటేష్‌ను శిక్షిస్తే, రేపు ఇంకో డ్రైవరు బ్రేకు తొక్కబోతూ ముందు సీట్లో ఎవరున్నారోనని ఒకసారి వెనక్కి చూస్తాడు. ఆ చూసేంతలో గురవమ్మ ఉండదు.

ఇట్లు,
విచారణకు ముందే జవాబు కోరుతూ,
జైనాబీ

తా.క.: నూనె సబ్బుతో వదులుతుంది, ఎరుపు ఎండలో ఆరేస్తే పోతుంది. కోపం దేనితో పోతుందో నాకు తెలీదు.

---

డిపో,
14 మార్చి 1999

పూజ్యులు జైనాబీ టీచరు గారికి,

బాపయ్య నమస్కారాలు. ఇది నేను చెప్తుంటే గుమస్తా రాస్తున్నాడు. నా కుడిచేతికి కట్టు ఉంది.

మీరు చెప్పినట్టే చేశాను. నున్నటి సిమెంటు మీద కూడా సైకిలు బుద్ధిగా ఆగింది. కాయల మీద చక్రమైతే ఆగింది, సైకిలు ఆగలేదు. అది గోడకు తగిలి ఆగాక కూడా నేను ఆగలేదు. మీ జాడీ పడిన బాధ అప్పుడు తెలిసింది.

బస్సు కడుగుతున్న కోటేష్ బకెట్టు పడేసి వచ్చి నన్ను లేపాడు. దుమ్ము దులిపి ఒక్క మాటే అన్నాడు: “ఈసారి చొక్కాకేం కాలేదు సార్.”

అవునండీ, ఆ తెల్లచొక్కా నేనే. పెళ్లికి పోతూ మొదటిసారి తొడిగాను. ఆ రోజు బస్సులో నేను చూసింది నా చొక్కా ఒక్కటే. గురవమ్మను అతను చూశాడు, అతన్ని మీరు చూశారు. విచారణ రద్దు చేశాను. రేపటి నుంచి గుంటూరు బస్సు కోటేష్‌దే. మీ కృతజ్ఞతలు అందరి ముందూ చదివి వినిపించాను. వాటితో పాటు నావీ చెప్పాను. మీకు కూడా చెప్పుకుంటున్నాను, మేనేజరుగా కాదు, ఆలస్యంగా చేరిన విద్యార్థిగా.

ఇట్లు,
మీ బాపయ్య

తా.క.: మరక ఎండకు పోయింది. ఆ రోజు చొక్కా ఉతకబోతూ మా ఇంటావిడ కాలరు మీద మిగిలింది వేలితో తీసి రుచి చూసింది. అప్పట్నుంచీ ఆ పచ్చడి ఎలా పెట్టారో కనుక్కోమని నన్ను నిలవనివ్వడం లేదు. ఈసారి జాడీతో బయల్దేరే రోజు ముందుగా రాయండి. నేనూ వస్తాను. మీ వెనక సీట్లో కూర్చుంటాను.