పంటి సిమెంటూ, మూసిన పెదవులూ

నంద్యాల,
ఏప్రిల్ నెలాఖరు.

గృహపరిపాలన, ఆరోగ్యం, ఆహారం, ఉత్తర ప్రత్యుత్తరాల శాఖలన్నింటినీ ఒంటిచేత్తో నిర్వహిస్తున్న అధికారుల సముఖానికి, ఉద్యోగరీత్యా కర్నూలు జిల్లాకు వలసవచ్చిన ఒక పళ్ల డాక్టరు సవినయంగా సమర్పించుకునే విన్నపం:

నాన్నగారూ, నమస్కారాలు. తాలూకా కచేరీలో హెడ్ గుమాస్తా పదవి నుంచి మీరు విరమించారు గాని, జడరిబ్బను కావాలన్నా అర్జీ రాసి ఇవ్వాలన్న మన ఇంటి నిబంధన రద్దయినట్టు నాకు ఉత్తర్వులేవీ అందలేదు. కనుక పాత పద్ధతిలోనే రాస్తున్నాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? తమ్ముడు వేళకు తింటున్నాడా? నేను క్షేమం. నిజంగానే క్షేమం.

తమ్ముడు తీసి పంపిన ఫొటో అందింది. మన భీమిలి ఇంటి అరుగు మీద మీరూ అమ్మా కూర్చున్నారు. అమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. మీ పెదవులు మాత్రం గట్టిగా మూసి ఉన్నాయి. చదువు పూర్తయ్యాక నేను మొట్టమొదట క్యాప్ పెట్టింది మీ ముందు పన్నుకే గనుక, ఈ అంశాన్ని ప్రస్తుతానికి నమోదు మాత్రం చేసి ముందుకు పోతున్నాను.

ఇక్కడి వాతావరణం గురించి అడిగారు. ఉదయం తొమ్మిదింటికే తలుపు గొళ్లెం చెయ్యి కాలుస్తుంది. తిండికి లోటు లేదు. నేను అద్దెకుండే ఇంటివాళ్లు జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి, అంటే మన వేరుశెనగ పచ్చడే, పంపుతుంటారు. చేప ముఖం చూసి చాలా కాలమైంది. సముద్రపు హోరు లేక మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఫ్యాను మోతతో సరిపెట్టుకుంటున్నాను. కరెంటు లేనప్పుడు అదీ లేదు. క్షేమమేనని మరోసారి మనవి.

ఇక ఉద్యోగం. పంటికి క్యాప్ అంటించే సిమెంటును, పొడినీ ద్రవాన్నీ కొంచెం కొంచెంగా గాజుపలక మీద కలిపి తయారుచేస్తాం. కలిపేటప్పుడు అది తనంతట తనే వేడి పుట్టిస్తుంది. పలక చల్లగా ఉంటే ఆ వేడిని లాగేసుకుంటుంది. క్యాప్ పంటి మీద పూర్తిగా దిగేదాకా సిమెంటు మెత్తగా ఉంటుంది. పలక వేడిగా ఉంటే క్యాప్ దిగకముందే సిమెంటు బిగుస్తుంది. ఈ విషయం మీద పరీక్షలో నేను మంచి జవాబే రాశాను. ఆ పరీక్ష హాలు చల్లగా ఉండేదని ఇప్పుడు గుర్తుకొస్తోంది.

బుధవారాలు నేను బస్సులో ఆళ్లగడ్డ దవాఖానాకు వెళ్తాను. అక్కడ దేవదానం మాస్టారని, మిషన్ బడిలో లెక్కలు చెప్పే పెద్దాయన, ముందు పన్నుకు క్యాప్ కోసం వచ్చారు. వాళ్ల చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలను ఏడుగురు పెద్దలు చదివి వివరిస్తారు. 'నేను దప్పిగొనుచున్నాను' అనే దాహపు మాట ఏటా ఆయనదే. ఆళ్లగడ్డ ఎండలో, ఉపవాసంతో, ఆ మాటకు ఆయనకంటే అర్హుడు దొరకడు.

"డాక్టరమ్మా, గుడ్ ఫ్రైడేకు నిలబడ్తాదా? అదొక్కటి చెప్పు" అన్నారు.

నిలబడుతుందని అధికారికంగా హామీ ఇచ్చాను. పై బుధవారం ఆయన క్యాప్‌ను జేబురుమాలులో కట్టుకుని వచ్చారు.

"పాఠం చెప్తాంటి. 'ఫలితము' అన్యా, ఊడి బల్ల మింద పడె. పిలకాయలు ఒగటే నగేది."

"ఇంట్లో ఏమన్నారు సార్?"

"మా ఇంటామె సంగతి చెప్పాల్నా? 'నోట్లో ఉంటే యాడ పడ్తాదో ఏమో, జేబులోనే పెట్టుకో, బిరీన దొరుకుతాది' అంటాది."

పలక వేడే కారణమని తేల్చి, సోడా అంగడి నుంచి ఐసు తెప్పించాను. ఐసు వచ్చిందన్న వార్త నాకంటే వేగంగా ఊరంతా తిరిగింది. పళ్ల కోసం వచ్చినవాళ్లకంటే ఐసు కోసం వచ్చినవాళ్లే ఎక్కువయ్యారు. "పంటి నొప్పి లేదులేమ్మా, ఒక ముక్కియ్యి, పోతా" అని ఒక పెద్దమ్మ నిజాయితీగా చెప్పింది. ఆ హడావుడిలో ఐసు మీద పెట్టిన పలక మరీ చల్లబడి, దాని మీద సన్నగా చెమ్మ పట్టింది. తుడిచాను, మళ్లీ పట్టింది. చెమ్మ కలిసిన సిమెంటుకు బలం ఉండదని తెలిసీ, ఎదురుచూసే జనాన్ని చూసి తొందరపడ్డాను. ఈసారి క్యాప్ చర్చిలోనే, ప్రార్థన మధ్యలో ఊడింది.

మూడోసారి మంగళవారం సాయంత్రమే ఆళ్లగడ్డ చేరి, దవాఖానా ఆయా ఓబులమ్మ ఇంట్లో పడుకున్నాను. పలకను తడిగుడ్డలో చుట్టి మట్టికూజాకు ఆనించి ఉంచాను.

"ఏందమ్మా, ఆ అద్దానికి పెండ్లికూతురికి మాదిరి ఇన్ని సేవలు?" అంది ఓబులమ్మ.

ఎండ ఎక్కకముందే మాస్టారిని పిలిపించాను. పలకను పొడిగుడ్డతో తుడిచి, చెంపకు ఆనించి చూసుకున్నాను. చల్లగా ఉంది, చెమ్మ లేదు. సిమెంటు నేను చదువుకున్నట్టే నడుచుకుంది. క్యాప్ చక్కగా దిగింది.

గుడ్ ఫ్రైడే నాడు నేనూ ఆళ్లగడ్డ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. మాస్టారి వంతు వచ్చింది. లేచి నిలబడి, మొదటి మాటకే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరిదాకా తీయలేదు. వెనక ఎవరికీ సరిగా వినబడలేదు. నా పక్కన కూర్చున్నామె, "పాపం, సారుకు గొంతు బాగలేదేమో" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బయటికి వచ్చాక అడిగాను. "మళ్లీ ఊడిందా సార్?"

"లేదమ్మా, గట్టిగా ఉండాది. చూడు" అని వేలితో కదిలించి చూపించారు.

"మరి తువ్వాలెందుకు?"

"ఏమోనమ్మా. అందరి ముందర రెండుసార్లు పడె గదా. నోరు తెరిస్తే చెయ్యి దానంతటదే పోతాది. నువ్వేమీ అనుకోవాక."

సిమెంటు ఎంత వేడిలో పట్టుకుంటుందో, ఎంత చెమ్మకు వదిలేస్తుందో పుస్తకాల్లో ఉంది. ఆ చేతిని కిందికి దించే పద్ధతి ఏ పాఠంలోనూ చెప్పలేదు. ఆయన ఇప్పుడు బడిలో కూడా తువ్వాలు అడ్డం పెట్టుకునే లెక్కలు చెబుతున్నారట. నంద్యాల తిరిగొచ్చే బస్సులో అదే ఆలోచన. గదికి వచ్చి మీ ఫొటో మళ్లీ తీసి చూశాను.

నాన్నగారూ, మీ క్యాప్ ఊడిందని నా అనుమానం. చెబితే కూతురికి తన పని మీద నమ్మకం ఊడుతుందని దాచారని అంతకంటే బలమైన అనుమానం. ఇక్కడ ఆ నమ్మకం ఇప్పటికే రెండుసార్లు ఊడిపడింది గనుక మీరు దాచి కాపాడేదేమీ మిగల్లేదు.

అమ్మకు, పెద్దత్తయ్యకు నమస్కారాలు. తమ్ముడికి ముద్దులు. మీ ఆశీస్సులు ఈ ఎండలో నాకు చాలా అవసరం. నేను క్షేమం.

చిత్తగించవలెను,
మీ జానకి.

ఈ ఉత్తరంతోపాటు లాంఛనంగా దాఖలు చేస్తున్న కోరికలు:

1. క్యాప్ ఊడి ఉంటే, దానిని పొడిగా ఉన్న డబ్బీలో భద్రపరచి, నేను వచ్చేదాకా వేరొకరి చేత అంటించకుండా ఉండవలెను.

2. మీరు నోరు తెరిచి నవ్వుతున్న ఫొటో ఒకటి వెంటనే పంపవలెను. పన్ను ఉన్నా లేకపోయినా పంపవలెను. చెయ్యి అడ్డం పెట్టరాదు.