బూరె పక్కన పందెపు కుక్క

చెల్లెమ్మా జ్ఞానప్రసూనా,

ఇర్వింగ్ నుంచి అన్నయ్య బోలెడు దీవెనలు. మన నమ్రత తెచ్చిన కుక్క ఇక మా ఇంట్లోనే ఉంటుందమ్మా! నాలాగే రిటైరైంది. పరుగు పందేల్లో కుందేలులాంటి బొచ్చుబొమ్మను తరుముతూ పరిగెత్తింది కదా, మా పిల్లి బూరెను తరిమితే వెనక్కి ఇచ్చేయాలని దాన్ని పెంపకానికి ఇచ్చినవాళ్ళు అన్నారు. ఈ మధ్యాహ్నం దాని మూతికున్న చిక్కం తీశాం. పడుకునే, రెప్ప వేయకుండా బూరెనే చూస్తోంది. ఇప్పుడే దూకుతుందని కేకేశాను.

"నాన్నా, అరవకు! అది నిద్రపోతోంది. ఈ గ్రేహౌండ్ జాతి కుక్కలు కళ్ళు తెరిచే నిద్రపోతాయి," అని నమ్రత ఒకటే నవ్వు.

బూరె మెల్లగా వెళ్ళి దాని పొట్టకు ఆనుకుని పడుకుంది. కలలో ఏ పందెమో, కుక్క కాళ్ళు కాసేపు పరిగెత్తాయి, తర్వాత ఆగిపోయాయి. గదంతా ఎండ, పిల్లి గురగుర. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి తల్లీ. ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరినీ తరమడం లేదు.

నీ అన్నయ్య