చిలక మెడ

వాడి కబీర్,
మార్చి 2009

ముద్దుల చెల్లి రజియాకి,

నేను కులాసాగానే ఉన్నాను గానీ, ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను.

నేను పనిచేసే ఇంటి సారు ప్రభాకర్ కంప్యూటర్లో బొమ్మల సినిమాలు చేస్తాడని చెప్పాను కదా. ఈ అరబ్బు దేశంలో ఉండే తెలుగువాళ్ళ ఉగాది ఫంక్షన్‌కి ఇప్పుడొక చిలక సినిమా చేస్తున్నాడు. పాత బొమ్మల సినిమాల్లో బ్రెజిల్ దేశం చిలక ఒకటుందట, నెత్తిన టోపీ, చేతిలో గొడుగు. అక్కడి జనం చిలకల మీద చెప్పుకునే జోకులు విని బయటి దేశంవాళ్ళు దాన్ని పుట్టించారట. "గొంతు మాత్రం బ్రెజిల్‌వాడిదే హసీనా, అందుకే దానికి ప్రాణమొచ్చింది" అని సారే చెప్పాడు.

మరి సారు చేసే ఈ చిలక ఎక్కడిది? మెడ వాల్చి చూడటం నాది. ఎండకు గొడుగేసుకుని చేపల కొట్టుకు పోయేది నేను. వంటింట్లో నేను వాగుతుంటే సారు నవ్వుతూ గీసుకున్నాడు. నాకూ సంబరంగానే ఉండింది. తీరా గొంతిచ్చేది సారు భార్య శ్రీలత మేడమ్ అట! "మీ కడప మాట నేర్పు" అని కూర్చోబెట్టింది. "యాడికి పోతాండావ్?" అన్న మాటను సాగదీసి సాగదీసి వెక్కిరింపు చేసింది. పైగా చివర్లో చిలక పంజరం ముందు మెడ వాల్చి, "మీరెట్ల చెప్తే అట్లే అమ్మగారూ" అనాలట. నేను ఏనాడన్నాను ఆ మాట?

"నేనే చెప్తాను మేడమ్" అన్నాను.

"పనిమనిషి గొంతు హాల్లో వినిపిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇక ఒక్క మాట కూడా నేర్పను. ఇంటికి పంపిస్తే పంపించనీ, పెట్టె సర్దుకున్నాను. అమ్మకు చెప్పకు.

నీ అక్క,
హసీనా

వాడి కబీర్,
ఉగాది వెళ్ళాక

రజియా,

పెట్టె విప్పేశాను. ఎందుకో విను.

నేను నేర్పకపోయినా మేడమ్ తనకు తోచినట్టు గొంతిచ్చేసింది. హాల్లో సినిమా వేశారు. వెనక వరసలో ఇళ్ళల్లో పనిచేసే మన కడపవాళ్ళం కూర్చున్నాం. చిలక నోరు తెరిచిందో లేదో, మన అమ్మణ్ణి గట్టిగా, "ఏమ్మే హసీనా, ఈ చిలక మనూరిది కాదు మే!" అంది. హాలంతా నవ్వు. ఇక ఆగలేక లేచి నిలబడి చిలక మాటలు నేనే అందుకున్నాను. సారు వెనక్కి తిరిగి చూశాడు. తిట్టలేదు. సినిమాలో గొంతు ఆపేశాడు.

చివరి బొమ్మ వచ్చింది. పంజరం ముందు చిలక మెడ వాల్చింది. "పంజరం మీరే పెట్టుకోండి అమ్మగారూ, నేను పోతాండా!" అన్నాను. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

మేడమ్ ఇంకా నాతో మాట్లాడటం లేదు. ఆమె ఇష్టం. సారు మాత్రం నా మాటకు తగ్గట్టు చివరి బొమ్మ మళ్ళీ గీస్తున్నాడు. 'గొంతు: హసీనా' అని పేరు కూడా వేస్తాడట. పొద్దున కాగితం పట్టుకుని వచ్చి, "ఒకసారి మెడ వాల్చు, చూసి గీస్తాను" అన్నాడు.

నేను వాల్చలేదు. నిటారుగా పెట్టి, ఇట్లా గియ్యండి సార్ అన్నాను.

నీ అక్క,
హసీనా