జేబుల తనిఖీ

బాపూ,

నువ్వు కోపంగా ఫోన్ పెట్టేశావు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆసుపత్రిలో నా జేబులు రోజూ వెతుకుతున్నారని తమ్ముడు శ్రీహరి చెప్పగానే "నా కొడుకు దొంగనా?" అన్నావు.

నిరుడు దొంగనే బాపూ. ఆపరేషన్లలో మత్తుకిచ్చే ఫెంటానిల్ సూదిమందు మిగిలితే పారబోయాలి. నడుము నొప్పి తట్టుకోలేక ఒకరోజు దాన్ని నేనే పొడుచుకున్నాను. నెల తిరిగేసరికి అది లేనిదే చేతుల వణుకు ఆగేది కాదు. చివరికి బట్టలు మార్చుకునే గదిలో ఊపిరాడక పడి ఉంటే మమతారాణి సిస్టర్ చూసి బతికించింది. ఇంట్లో కామెర్లని చెప్పిన ఆ రెండు నెలలు నేను ఆ అలవాటు మాన్పించే దవాఖానాలో ఉన్నాను. మళ్లీ ఆ మందు మీదికి మనసు పోకుండా ఇప్పటికీ రోజూ నాలుక కింద బిళ్ల పెట్టుకోవాలి.

మళ్లీ పనిలోకి వచ్చినప్పుడు, జేబులు వెతకమని సిస్టర్‌ను అడిగింది నేనే. "నిన్ను నమ్మకుంటే పనిలకు ఎందుకు తీసుకుంటం తమ్మీ?" అన్నది. అప్పుడు నీ సంగతి చెప్పాను.

బెల్లంపల్లిలో బొగ్గుబాయి దిగే ముందు, బీడీలు, అగ్గిపెట్టె ఉన్నాయేమో చూసుకొమ్మని ముప్పై ఏళ్లు చేతులెత్తి నిలబడ్డావు. నామోషీ కాదా అని చిన్నప్పుడు అడిగితే, "ఒక్క నిప్పురవ్వ చాలు బిడ్డా. కింద మస్తు మంది ఉన్నరు" అన్నావు. ఆపరేషన్ గదిలో నా ముందు బల్ల మీద కూడా స్పృహ లేని మనిషి ఉంటాడు.

పదకొండు నెలలుగా నా జేబుల్లో ఏమీ దొరకలేదు. ఎవరైనా అడిగితే ఇక కామెర్లని చెప్పకు. "నా లెక్కనే చేతులెత్తి పనిలకు పోతుండు" అని చెప్పు.

నీ పెద్ద కొడుకు