హెడ్‌ క్లర్కు గారి అభ్యంతరాలు

ఆదివారం, పన్నెండో తేదీ, ఉదయం

గౌరవనీయులైన హెడ్‌ క్లర్కు గారికి,

మీ పాత ప్రిన్సిపాల్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ మా ఆవిడా క్షేమం, మోకాళ్లను లెక్కలోకి తీసుకోకపోతే. మీరూ, మీ అమ్మాయి కుటుంబమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆరేళ్లలో ఇది నా అయిదో ఉత్తరం. ముందటి నాలుగింటికీ జవాబు రాలేదు. తప్పు తపాలావాళ్లది కాదని నాకు తెలుసు.

మొన్న అలమారా సర్దుతుంటే నా మొదటి నాటకం డ్రాఫ్టు దొరికింది. టైపు చేసిపెట్టమని మీకిస్తే, మీరు దాన్ని ఫైల్లో పెట్టి, ట్యాగు కట్టి, పైన నోట్‌ షీటు తగిలించి నా బల్ల మీదికి పంపారు. 'రెండో అంకంలో తల్లి ఒకే సంగతి మూడుసార్లు విన్నవించుకుంటున్నది. ఒకసారి సరిపోవునేమో పరిశీలించగలరు. తమ ఉత్తర్వుల నిమిత్తం.' నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర ఎగిరాను. ఆవిడ ఆ అంకం చదివి, ఆయన మర్యాదస్తుడు కాబట్టి మూడన్నాడు, నేను లెక్కపెడితే అయిదు, అంది.

జైలుకు వెళ్తున్న కొడుకును పట్టుకుని ఆ తల్లి రెండు పేజీలు ఏడ్చేది. అదంతా కొట్టేసి, తిని వెళ్లమని ఒక్క మాట అనిపించాను. ప్రదర్శన రోజు ఆ మాట దగ్గర హాల్లో దగ్గు కూడా వినబడలేదు. మర్నాడు మీ నోట్‌ షీటు మీద 'ఆమోదించడమైనది' అని రాసి సంతకం పెట్టాను.

అలా పదకొండు నాటకాలు. తర్వాత నేను ఇంకో రెండు కాలేజీలకు ప్రిన్సిపాల్‌గా వెళ్లినా డ్రాఫ్టులు పోస్టులో మీకే వచ్చేవి. కవిత్వం జోలికి మాత్రం మీరు వచ్చేవారు కాదు. వాన మీద రాసిన పద్యం పంపితే 'చర్య అవసరం లేదు' అని తిప్పి పంపారు. అది పొగడ్తో తెగడ్తో ఇప్పటికీ తేలలేదు. మన కాలేజీలో నా గదిలో ఫ్యాను గోల, హాస్టల్లో నీళ్లు రావడంలేదని పిల్లల గొడవ, గోడవతల మీ టైపు మిషను. నా మొదటి నాటకాలు ఆ రొదలోనే పుట్టాయి. ఆ రోజులు మళ్లీ కావాలనిపిస్తుందండీ.

ఇప్పుడు ప్రచురణకర్త నాటకాలన్నీ ఒకే సంపుటిగా వేస్తున్నాడు. కొత్తదొకటి కావాలంటే రాశాను. మూడు పాత్రలు, మూడూ వాగుడుకాయలే. చదువుతూ చదువుతూ మా ఆవిడ రెండో అంకంలో కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. ఎక్కడ కోయాలో నాకు తెలియదు, ఎప్పుడూ తెలియలేదు. డ్రాఫ్టు జత చేశాను. నెలాఖరుకు అచ్చుకు వెళ్లాలి. మీ అభ్యంతరాలు రాయండి. మీరు ఒప్పుకుంటే సంపుటి మొదటి పేజీలో నా పేరు కింద మీ పేరు వేయిస్తాను. ఒప్పుకోకపోతే ఈ కొత్త నాటకం అందులో వేయించను.

ఇక ఆరేళ్ల కిందట నాకు జరిగిన ఆ సన్మానం రోజు సంగతి. ముప్ఫై మందికి కృతజ్ఞతలు చెప్పాను, తెర లాగినవాడితో సహా. మీ పేరు రాలేదు. మీరు టీ అయినా తాగకుండా వెళ్లిపోయారు. జనం, ఫొటోలు, కంగారు. మరిచిపోయాను. వయసు మీద పడ్డవాణ్ణి, క్షమించండి.

ఉంటాను,
మీ ప్రిన్సిపాల్
(మీరింకా అలా అనుకుంటే)

తా.క.: మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. నేను మరిచిపోలేదు. మీరు మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. మీ పేరు దగ్గరికి వచ్చేసరికి, నా నాటకాల్లో అందరూ మెచ్చుకునే ఆ మాటల పొదుపు నాది కాదని తెలిసిపోతుందని భయం వేసింది. ఆ వాక్యం దాటేసి కిందిది చదివాను. ముందటి నాలుగు ఉత్తరాల్లోనూ మరుపనే అబద్ధం రాశాను. ఆనాటి ప్రసంగం కాగితం కూడా దీనితో పంపుతున్నాను. నాలుగో వాక్యంలో మీ పేరు ఉంటుంది. దాని కింద ఎర్ర సిరాతో గీత గీసింది నేనే, చదవడం మరిచిపోకూడదని.